నీలం కారుకి తేనెమైనం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పదకొండు కార్లుండేవి. ఈ మాట అనగానే ఎవరైనా ముందు నా మొహంలోకి ఒకసారి పరీక్షగా చూస్తారు. అరకు స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా ఇంట్లో పదకొండు కార్లేమిటని వాళ్ల అనుమానం. ఆ పదకొండూ కలిపి మా అమ్మ పోపులపెట్టె మూతలో పట్టేవి. లోహం కరిగించి అచ్చుల్లో పోసి చేసిన చిట్టి కార్లవి. కొన్నింటికి తలుపులు తెరుచుకునేవి, కొన్నింటికి డిక్కీ పైకి లేచేది. మా చిన్న మావయ్య ఓడల మీద పనిచేసేవాడు. ఏ దేశపు రేవులో దిగినా నాకోసం ఒక కారు కొని, మేజోడులో చుట్టి తెచ్చేవాడు. ఇప్పుడు వీటిని డైకాస్ట్ కార్లంటున్నారు. అప్పట్లో మాకు ఆ పేరు తెలియదు. మావయ్య కార్లు అనేవాళ్లం.

ఇప్పుడు నా దగ్గర మూడు వందల పైచిలుకున్నాయి. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. విశాఖలో మూడో అంతస్తులో ఉంటాను, మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తాయి. అయినా ఎక్కడో ఎవరి దగ్గరో పాత మోడల్ ఉందని ఫోన్లో ఫొటో కనబడితే ఆ పూట నాకు అన్నం సయించదు. మా అత్తయ్యకి పూజగది కన్నా ఆ అద్దాల బీరువా ఎక్కువ అని మా కోడలు వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. అందులో అబద్ధం ఏమీ లేదు. ఆ బీరువా పై అరలో ఒక ఎర్ర ఫైరింజను, దాని పక్కన నిమ్మకాయంత మైనం ముద్ద ఉంటాయి. మైనం నల్లబడిపోయింది. కార్ల మధ్య ఇదేమిటని అడిగినవాళ్లకి ఇన్నాళ్లూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఇక దాచడం నావల్ల కాదు.

మేముండే రైల్వే క్వార్టర్స్‌కి ప్రతి సంత రోజునా ఒక ముసలమ్మ వచ్చేది. డుంబ్రిగుడ అవతల కొండవాలులో వాళ్ల ఊరు. తెల్లవారకముందే బయలుదేరి, అడ్డాకుల కట్టలు, సీతాఫలాల బుట్ట, సొరబుర్రలో తేనె మోసుకుని, సంతకి పోయే ముందు మా ఇళ్ల దగ్గర ఆగేది. వాళ్ల ఇంట్లో మగవాళ్లు తేనె తీయడంలో గట్టివాళ్లు. తేనె పిండేశాక మిగిలిన పట్టుని కరిగించి, వడగట్టి, ముద్దలు కట్టి తెచ్చేది. మా అమ్మది శ్రీకాకుళం పక్క పల్లె. అరకు చలికి ఆమె మడమలు బీటలువారి నెత్తురు కారేవి. ఆ మైనం కొని, కొబ్బరినూనెలో కరిగించి రాసుకుంటే తప్ప నడవలేకపోయేది.

ముసలమ్మ వెంట నా ఈడు మనవరాలు వచ్చేది. మా ఇద్దరికీ అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ పిల్ల పేరు మీకు చెప్పను. నేను చెప్పకూడదు, అంతే. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

పెద్దవాళ్లు వంటింటి గుమ్మం దగ్గర మాట్లాడుకుంటుంటే, నేను వీధి అరుగు మీద నా పదకొండు కార్లనీ వరసగా నిలబెట్టేదాన్ని. ఆ పిల్ల చూడాలనే నిలబెట్టేదాన్ని. ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. ముట్టుకుంటే రంగు పోతుందని చెప్పేదాన్ని. పాపం, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, నడుం వంచి, ఒక్కొక్క కారు ముందూ ఆగి చూసేది. వాటిలో ఏదైనా ఒకటి ఇమ్మని ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడం కూడా నాకు నచ్చేది కాదు. అడిగితే కాదనొచ్చు కదా అనిపించేది. అలాంటి పిల్లని నేను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది, కానీ ఉన్నమాట.

ఒక సంత రోజున ఆ పిల్ల నా కార్లన్నీ చూడటం అయ్యాక, నడుముకి చుట్టుకున్న గుడ్డ ముడి విప్పింది. అందులో ఆకు పొట్లం. పొట్లంలో ఎర్రటి ఫైరింజను.

నిగనిగలాడే ఎర్రరంగు. నెత్తిన వెండిరంగు నిచ్చెన. వేలితో తోస్తే ఆ నిచ్చెన పైకి లేచి, గిర్రున చుట్టూ తిరిగింది. అలాంటిది నా పదకొండింటిలో లేదు. మావయ్యకి ఎన్ని ఉత్తరాలు రాసినా దొరకలేదు. అలాంటిది కొండ మీద పిల్ల దగ్గర, ఆకు పొట్లంలో! ఎక్కడిదో నేను అడక్కుండానే తనే చెప్పింది. ఇటుకల పండగకి మగవాళ్లంతా వేటకి పోతే, ఆడవాళ్లు, పిల్లలు రోడ్డుకి అడ్డంగా వాసం పెట్టి బండ్లని ఆపి పండగ మామూలు అడుగుతారు. ఆ చైత్రంలో ఒక జీపు ఆగింది. జీపులో ఉన్న దొరసాని దగ్గర చిల్లర లేక, తన కొడుకు చేతిలోని బొమ్మ తీసి ఈ పిల్ల చేతిలో పెట్టిందట. వాసం ఎత్తాక జీపు వెళ్లిపోయింది. లోపల వాళ్ల పిల్లాడు ఏడుస్తూనే ఉన్నాడట.

"వాడేడుస్తా ఉంటే నాకు బాగనిపించలేదు. ఎనక పరిగెట్టినాను. జీపు ఆగలేదు" అంది.

నేనా మాట సగమే విన్నాను. నా కళ్లు నిచ్చెన మీదే ఉన్నాయి. ఆ క్షణంలోనే నా మనసులో ఒక ఆలోచన పుట్టింది. పన్నెండో కారుగా దాన్ని అడిగి తీసుకోవాలని కాదు. నా దగ్గరున్న ఒక పనికిరాని కారు అంటగట్టి దీన్ని లాక్కోవాలని.

ఆ పనికిరాని కారు కథ ఇది. నీలంరంగు, తలుపులు తెరుచుకునే కారు. ఏనుగెక్కినా విరగదే అమ్మాయీ అని మావయ్య ఇచ్చాడు. ఏనుగు దొరక్క, నేను రుబ్బురోలు పొత్రం ఎత్తి దాని మీద పెట్టాను. వెనక ఇరుసు మధ్యకి పుటుక్కున విరిగింది. అటు ముక్క, ఇటు ముక్క. చక్రాలు ఊడి చేతికొచ్చాయి. అమ్మకి చెబితే వీపు చిట్లుతుందని, రెండు నెలలుగా దాన్ని వరసలో చివర, గోడకి ఆనించి నిలబెడుతున్నాను. పైకి చూస్తే ఏమీ తెలియదు. ఎత్తితే చక్రాలు రాలతాయి.

ఆ వారమంతా దానికి వైద్యం చేశాను. అమ్మ మడమల కోసం దాచుకున్న మైనంలోంచి గోరంత గిల్లాను. దీపం దగ్గర వెచ్చచేసి, కారు అడుగున పూసి, విరిగిన ఇరుసు ముక్కలని అందులో కూరి, చక్రాలు నిలబెట్టాను. పైన కాస్త బొగ్గుపొడి అద్దాను. ఎంత బాగా కుదిరిందంటే నా పనితనానికి నేనే మురిసిపోయాను. తోలితే మాత్రం కదలదు. దానికో మాట కూడా సిద్ధం చేసుకున్నాను.

తర్వాతి సంత రోజున నేనే ఎదురెళ్లి ఆ పిల్లని అరుగు మీద కూర్చోబెట్టాను. మొదటిసారి నా కారుని ముట్టుకోనిచ్చాను. నీలం కారు దాని అరచేతిలో పెట్టి, ఇది తోలే కారు కాదు, గూట్లో పెట్టుకుని చూసుకునే కారు, తోలితే పరువు పోతుంది అన్నాను. ఆ మాట నాకెలా తట్టిందో తెలియదు. ఇప్పుడు మా సేకరణ బృందాల్లో పెద్దపెద్దవాళ్లు కూడా సరిగ్గా ఆ మాటే చెప్పి లోపమున్న కార్లు అంటగడతారు. తలుపు తెరిచి చూపించాను, మూసి చూపించాను. ఆ పిల్ల కారుని మొహానికి దగ్గరగా తీసుకుంది. అపురూపంగా ఉండి వాసన చూస్తోందనుకున్నాను.

"మార్చుకుందామా?" అన్నాను.

ఆ పిల్ల నా వైపు చూసింది. "నిజంగానే ఇస్తన్నావా?"

"నిజంగానే."

కారు వైపు చూసింది. మళ్లీ నా వైపు. "నిజంగానే ఇస్తన్నావా?"

"ఇస్తున్నానంటే నమ్మవేం?"

మూడోసారి గొంతు తగ్గించి అడిగింది. ఎర్రబండిని వదులుకోవడానికి బాధగా ఉందేమో, ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని నాకు కంగారు పుట్టింది. ఔనౌనని గబగబా తలూపాను. అప్పుడు ఆ పిల్ల బుట్టలోంచి మిగలపండిన సీతాఫలం తీసి, రెండుగా విడదీసి, సగం నాకిచ్చి సగం తను తింది. ఫైరింజను రెండు చేతుల్లో పెట్టుకుని, కళ్లకద్దుకుని నాకిచ్చింది. గుమ్మం దగ్గర వాళ్ల నాయనమ్మ అడ్డాకుల కట్ట విప్పుతూ విప్పుతూ ఆగి మమ్మల్ని చూసింది. వద్దంటుందేమోనని నా ప్రాణం గిలగిలలాడింది. ఏమీ అనలేదు. పండు కూడా అదనంగా వచ్చిందని సంబరపడుతూ నేను లోపలికి పరిగెత్తాను.

ఆ వారం నేను నేల మీద నడవలేదు. స్కూల్లో నా పక్కన కూర్చునే పిల్లకి చెప్పాను, పాయింట్స్‌మన్ గారి అబ్బాయికి చెప్పాను. కొండ పిల్లని ఎంత సులువుగా బోల్తా కొట్టించానో నటించి మరీ చూపించాను. వాళ్లు నవ్వితే నాకు ఇంకా హుషారొచ్చింది. రోజూ స్కూల్ నుంచి వచ్చి నిచ్చెన లేపడం, దింపడం. నీలం కారు ఏదని అమ్మ అడిగితే మంచం కిందుందని అబద్ధం చెప్పాను.

మళ్లీ సంత రోజు వచ్చింది. పొగమంచు ఇంకా విడవలేదు. నాన్న డ్యూటీ దిగి వచ్చి, వరండాలో కూర్చుని టీ తాగుతున్నారు. దూరంగా డప్పు మోత వినబడింది. ఏదో పెళ్లివారు సంత దారిన పోతున్నారనుకుని క్వార్టర్స్‌లో ఆడవాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చారు. నేనూ చూడటానికి గేటెక్కాను. మంచులోంచి ముందు డప్పు, తర్వాత మనుషులు, ఓ పదిహేను మంది దాకా కనిపించారు. నెత్తిన బుట్టలు, భుజాన కావిడి. అందరికన్నా ముందు ఆ ముసలమ్మ, పక్కన కొత్త గుడ్డ కట్టి, తలకి నూనె పెట్టి, జడలో పసుపుపచ్చ పూలు తురుముకున్న ఆ పిల్ల. వాళ్లు సంత వైపు తిరగలేదు. మా గేటు వైపు తిరిగారు.

మోసం తెలిసిపోయింది, ఊరంతా కలిసి నిలదీయడానికి వచ్చారనుకున్నాను. గేటు దిగి ఇంట్లోకి పరిగెత్తి తలుపు వెనక నక్కాను.

నాన్న లేచి నిలబడ్డారు. చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. వాళ్లు గేటు లోపలికి వచ్చి, డప్పు ఆపి, బుట్టలు దించడం మొదలుపెట్టారు. కొత్తగా దంచిన సామలు, గుమ్మడికాయలు, కంద, చిలగడదుంపలు, తేనె. మా వరండా నిండిపోయింది. అమ్మ ఈర్పెన చేత్తో పట్టుకుని, విరబోసుకున్న జుట్టుతోనే బయటికొచ్చి కొయ్యబారిపోయింది.

ముసలమ్మ నాన్నకి దండం పెట్టింది. "బాబూ, నీ గుంట మా గుంటకి కారిచ్చింది. మా గుంట నీ గుంటకి కారిచ్చింది. ముమ్మారు అడిగింది, ముమ్మారూ ఔనంది. పండు సగం సగం తిన్నారు. ఇంకేటి కావాల? నేస్తం కట్టేసినారు. ఊరికి సెప్పినాం, పెద్దలకి సెప్పినాం. ఇయ్యాల మీకు సెప్పుకోడానికొచ్చినాం."

నేస్తం అంటే స్నేహం అని మాత్రమే నాకు తెలుసు. కట్టడం ఏమిటో తెలియదు. నాన్నకీ తెలియదు. తెలిసింది అమ్మకే. వాళ్ల పల్లెలోనూ ఆ ఆచారం ఉంది. అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. తర్వాత లోపలికొచ్చి, నా జబ్బ పట్టుకుని బయటికి లాగింది.

"ఏటే, ఏటి సేసొచ్చావే నువ్వు? నేస్తం కట్టీసి ఇంట్లో ఒక్క మాట సెప్పవా? రక్తం పంచుకున్నోళ్లకన్నా ఎక్కువే అది. సచ్చేదాకా ఇడిపోదు. వాల్లింట పెళ్లైతే మనం నిలబడాల, మనింట సావైతే వాల్లు మైల పట్టాల. తెలుసా నీకు?"

నాకేమీ తెలియదు. నేను మార్చుకున్నది బొమ్మ కార్లు. స్కూల్లో బలపాలు మార్చుకున్నట్టు. వాళ్లేమో ఊరికి చెప్పి, కొత్త సామలు దంచి, డప్పు కట్టుకుని వచ్చారు. నా మోసం మీద ఇంతమంది మనుషుల మాట నిలబడి ఉంది. అది బయటపడితే ఏమవుతుందో నాకు ఆ క్షణంలో కళ్లకి కట్టినట్టు కనిపించింది. నన్ను కొడతారు, సరే. ఆ పిల్ల? రైలు బాబు కూతురు విరిగిన కారిచ్చి నేస్తం కట్టిందట అని వాళ్ల ఊళ్లో ఆ పిల్లని చూసి నవ్వుతారు, నేను చెబితే స్కూల్లో నవ్వినట్టే.

ముసలమ్మ వెనక్కి తిరిగి చెయ్యి చాపింది. ఆ పిల్ల తండ్రి ఒక విస్తరాకు అందించాడు. అందులో పసుపు బియ్యం. బియ్యం మధ్యలో నా నీలం కారు. ఇప్పుడు తోలి చూస్తారు. ఇప్పుడు చక్రాలు రాలతాయి. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను.

కిర్రుమని సన్నటి చప్పుడు వచ్చింది. కళ్లు తెరిచాను. నీలం కారు మా వరండా సిమెంటు మీద ఈ కొస నుంచి ఆ కొసకి నున్నగా దొర్లుకుంటూ వెళ్లి, నాన్న చెప్పులకి తగిలి ఆగింది. పిల్లలంతా కేరింతలు కొట్టారు.

అది దొర్లడానికి వీల్లేదు. ఇరుసు లేదు దానికి. ఆ సంగతి భూమ్మీద నాకొక్కదానికే తెలుసు. నాన్న వంగి కారు తీసి, తిరగేసి చూశారు. అడుగున మైనం లేదు, బొగ్గుపొడి లేదు. శుభ్రంగా తుడిచి ఉంది. విరిగిన ఇరుసు స్థానంలో తెలుపూ నలుపూ చారలతో సన్నటి పుల్లలాంటిది అమర్చి ఉంది. చివర్లలో లక్క పెట్టి చక్రాలు బిగించారు. ముళ్లపంది ముల్లు అది.

"తప్పు నాదే బాబూ" అంది ముసలమ్మ. అందరికీ వినబడేలా అంది. "ఇంటికెల్తా ఉంటే వాగుకాడ నా సేతిలోంచి జారి బండ మీద పడిపోనాది. సక్రాలూడిపోనాయి. నేస్తం ఇచ్చిన సొత్తు మొదటి దినమే ఇరగ్గొట్టినాను. మావోడు ముల్లెట్టి బాగుసేసినాడు. బాగుసేసినా తప్పు తప్పే. తప్పు కట్టాల."

నేను వింటున్నదేమిటో నాకు అర్థం కాలేదు. ఆమె కాళ్లు కట్టి ఉన్న నల్లకోడిపెట్టని కావిడిలోంచి తీసి తెచ్చి నా చేతుల్లో పెట్టింది. వాళ్లలో ఎవరైనా తప్పు చేస్తే, నష్టపోయినవాళ్లకి అలా ఏదో ఒకటి చెల్లించుకోవాలి. డెబ్బై ఏళ్ల మనిషి, తొమ్మిదేళ్ల నా ముందు తల వంచి నిలబడింది. నేను చేసిన తప్పుకి నాకే కోడిని కడుతోంది. ఆ కోడి గుండె నా అరచేతుల్లో టపటపా కొట్టుకుంటోంది. ఇంత వయసొచ్చినా ఆ కొట్టుకోవడం నా చేతులకి గుర్తుంది.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "అది... నేనే..." అని మొదలుపెట్టాను. రెండు మాటలే. ముసలమ్మ చటుక్కున కొంగుముడిలోంచి బెల్లం ముక్క తీసి నా నోట్లో కుక్కింది. చిన్న ముక్క కాదు, దవడ ఉబ్బిపోయేంత. నోరు మెదపడానికి లేదు.

"తప్పు తీరిపోనాక ఆ మాట ఎవులూ ఎత్తకూడదు" అంది, నా బుగ్గ తుడుస్తూ. "ఎత్తితే తప్పు మల్లా మొదటికొస్తాది."

అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. నేనొక్కదాన్నే కళ్లలో నీళ్లతో, నోటి నిండా బెల్లంతో, చేతిలో కోడితో నిలబడి ఉన్నాను. బెల్లం అంత చేదుగా ఉంటుందని నాకు అంతవరకు తెలియదు.

తర్వాత అమ్మ తేరుకుంది. అమ్మ తేరుకుంటే ఇక ఆపేవారు ఉండరు. వచ్చినవాళ్లందరికీ టీ పెట్టింది. బేగి బేగి అంటూ నన్ను అటూ ఇటూ పరిగెత్తించింది. తన పెట్టెలోంచి కట్టని కొత్త చీర తీసి ముసలమ్మకి పెట్టింది. పిల్లలిద్దరినీ పీటల మీద కూర్చోబెట్టి నుదుట బొట్టు పెట్టారు. ఇక నుంచి మేమిద్దరం ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోకూడదని, బతికున్నన్నాళ్లూ నేస్తం అనే పిలవాలని పెద్దలు చెప్పారు. బయటివాళ్ల ముందు ఒకరి పేరు ఒకరు చెప్పడం కూడా తప్పే. వాళ్ల నాయనమ్మ నాకూ నాయనమ్మే. అలా ఆ ఉదయం, డప్పు మధ్య, నేను బోల్తా కొట్టించాననుకున్న పిల్ల నాకు తోబుట్టువైపోయింది.

వాళ్లు వెళ్లేటప్పుడు గేటు దాకా సాగనంపాం. నాయనమ్మ అందరికన్నా వెనకబడి నడిచింది. గేటు దగ్గర ఆగి, నా చెయ్యి పట్టుకుని, గుప్పిట విప్పించి, నిమ్మకాయంత తేనెమైనం ముద్ద అందులో పెట్టి మళ్లీ మూసింది.

"మైనం కావాలంటే నన్నడుగు. మీ అమ్మ మడాలకి దాసుకున్నది గిల్లకు" అంది. గొంతులో కోపం లేదు. రేపు వర్షమొస్తుందని చెప్పినంత మామూలుగా అంది. చీర మడత చంకలో సర్దుకుని మంచులోకి నడిచివెళ్లిపోయింది.

నేను గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎంతసేపో తెలియదు. అమ్మ వచ్చి లోపలికి లాక్కెళ్లేదాకా. నాయనమ్మకి మొదటి రోజునుంచీ తెలుసు. తేనెపట్టులు కరిగించి, వడగట్టి, ముద్దలు కట్టే మనిషికి, తన చేతి మైనం వాసన తెలియకుండా ఉంటుందా? మైనంతో మోసం చెయ్యడానికి లోకంలో ఇంకెవరూ దొరకనట్టు, మైనం అమ్మేవాళ్లకే ఆ మైనమే పూసి ఇచ్చాను. నా తెలివి అంత గొప్పది. ఆమె కావాలంటే ఆ రోజే గుమ్మంలో నా చెవి మెలిపెట్టి కారు వెనక్కివ్వొచ్చు. అలా చేస్తే నేను దెబ్బలు తిని, నాలుగు రోజులకి మరిచిపోయి, ఇంకొకరికి మైనం పూసేదాన్ని. ఆమె నా తప్పు తన నెత్తిన వేసుకుని, కోడి కట్టి, నా నోట్లో బెల్లం కుక్కి వెళ్లిపోయింది. నేను ఒప్పుకునే దారి కూడా మూసేసింది. ఆ కోడిని మేము కొయ్యలేదు. కోస్తానంటే నేను గోల పెట్టాను. అది మూడేళ్లు మా పెరట్లో తిరిగింది. దాన్ని చూసిన ప్రతిసారీ నేను తల దించుకునేదాన్ని.

నాన్నకి బదిలీ అయ్యాక కూడా నేస్తం తెగలేదు. నా పెళ్లికి వాళ్లు సామలు తెచ్చారు. నేస్తం పెళ్లికి మేము వెళ్లి మూడు రోజులున్నాం, అమ్మ వాళ్లతో కలిసి థింసా నాట్యం ఆడి నడుం పట్టేసుకుంది. నాయనమ్మ పోయినప్పుడు కబురందిన గంటలో బస్సెక్కాను. ఆ మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తకూడదన్నారు కనుక యాభై ఏళ్ల పైన లోపలే దాచుకున్నాను. నేస్తానికి ఏమీ తెలియదని, నాయనమ్మ ఆ సంగతి తనతోనే పట్టుకుపోయిందని నా నమ్మకం.

పోయిన చలికాలం కొండకి వెళ్లాను. నేస్తం ఇంటి ముందు కాఫీ గింజలు ఆరబోసి ఉన్నాయి. ఇద్దరం వాటి పక్కన ఎండలో కూర్చున్నాం. గోడ గూట్లో దీపం పక్కన నీలం కారు ఉంది. రంగు చాలావరకు పోయింది. నేస్తం మనవలందరూ తోలి తోలి అరగదీశారు. ముళ్లపంది ముల్లు మాత్రం అలాగే ఉంది. దాన్ని చూస్తుంటే నాకేమైందో, ఇక ఉగ్గబట్టలేకపోయాను. నేస్తం, ఆ కారు వాగు దగ్గర విరగలేదు, నేనే విరగ్గొట్టి మైనం పెట్టి నీకిచ్చాను అనేశాను.

నేస్తం ముందు కంగారుగా ఇంటి వైపు చూసింది, నాయనమ్మ ఎక్కడ వింటుందోనన్నట్టు. తర్వాత కాఫీ గింజలు చేత్తో పలచగా పరుస్తూ నవ్వింది.

"నాకు తెల్దేటి? సేతిలో ఎట్టగానే మైనం వాసనేసింది. అందుకే కదే ముమ్మారు అడిగినాను."

ఆ ముమ్మారు ఆచారం అనుకున్నాను ఇన్నేళ్లూ. మరి తెలిసీ ఎందుకు తీసుకున్నావని అడిగాను.

"కారు ఇరిగితే బాగుసేసుకోవచ్చు" అంది. "నువ్వు మల్లా అడుగుతావో అడగవో ఎవులికి తెలుసు? అన్నాల్లూ నన్ను ముట్టుకోనిచ్చీదానివి కాదు కదా."

దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. మూడోసారి గొంతు తగ్గించి అడిగిన ఆ తొమ్మిదేళ్ల పిల్ల మొహం నాకప్పుడు కనిపించింది. ఎర్రబండి వదులుకోలేక బాధపడుతోందనుకున్నాను అప్పుడు. నేను నిజం చెబుతానేమోనని ఆగింది. ఇప్పుడైనా చెప్పవే అని అడిగింది. నేను గబగబా తలూపాను.

కొండ దిగి వచ్చాక నా బేరాల తీరు మారిపోయింది. మా బృందంలో కార్లు మార్చుకునేవాళ్లు దేశమంతా ఉన్నారు, ఎక్కువమంది కుర్రవాళ్లే. ఎవరైనా కారు ఇస్తానంటే నేను దాని గురించి ప్రశ్నలేమీ వెయ్యను. నిజంగానే ఇస్తున్నారా అని అడుగుతాను. ఔనంటారు. కాసేపాగి మళ్లీ అడుగుతాను. ఈ ఆంటీకి మతిమరుపు అనుకుంటూ మళ్లీ ఔనంటారు. మూడోసారి అడిగి, ఫోన్ పట్టుకుని అలాగే కూర్చుంటాను. ఒక్కోసారి అవతల చాలాసేపు చప్పుడుండదు. తర్వాత మెల్లగా మెసేజ్ వస్తుంది, ఆంటీ, ఒక సంగతి చెప్పడం మరిచిపోయాను, వెనక చక్రం కొంచెం... అని.

ఆ కారుని మాత్రం నేను తప్పకుండా తీసుకుంటాను.